మూడో నంబరు సిస్టమ్

అత్తిలి బస్టాండు ఎదురుగా ఉన్న మావుళ్ళమ్మ నెట్ సెంటర్లో ఏ జబ్బుకైనా మొదటి మందు ఒకటే. ఆపి మళ్ళీ వేయడం. కంప్యూటరు బిగుసుకుపోయినా, ప్రింటరు కాగితం మింగేసినా, హాల్ టికెట్ల సైటు గుండ్రంగా తిరుగుతూ కూర్చున్నా సుభాషిణి చెప్పే మాట అదే. పదిలో ఏడుసార్లు అది పనిచేసేది కూడా. మిగిలిన మూడింటికి ఆవిడ దగ్గర వేరే చిట్కాలుండేవి. పాత పేజీల చెత్త తుడిచెయ్యడం, వేరే బ్రౌజరులో తెరవడం, అందరూ భోజనాలకి వెళ్ళే వేళ చూసి ప్రయత్నించడం. అన్నీ అయ్యాక కూడా లొంగకపోతే "సర్వరు డౌనండి, రేపు రండి" అనేది. ఆ మాట విని జనం ఎంత నిశ్చింతగా ఇంటికెళ్ళేవారో! తప్పు తమది కాదని తెలిస్తే చాలు, మనిషి సగం బరువు దిగిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం సుభాషిణికి ఒళ్ళు మండేది. తెర మీద ఏ సందేశం వచ్చినా చదవకుండా, మూలనున్న ఇంటూ గుర్తు నొక్కేసేవాళ్ళని చూస్తే ఆవిడ నోరు ఊరుకునేది కాదు. ఆ మంగళవారం ఉదయం, పింఛను సంగతి కనుక్కుందామని వచ్చిన నాగరత్నమ్మ గారు దొరికిపోయింది.

"ఫోనులో ఏదో వచ్చిందన్నారు కదండీ, ఏం వచ్చింది?"

"ఏమోనమ్మా, ఎర్రగా వచ్చింది. భయమేసి తీసేసేను."

"అదేంటండీ! చదవకుండా కొట్టేత్తే ఎలాగండీ? వాడు మన మంచికే కదా చెప్తాడు!"

"నాకు చదువే వత్తే నీ దగ్గిరికెందుకు వత్తానమ్మా," అంది నాగరత్నమ్మ గారు, ఏమాత్రం తగ్గకుండా.

వెనక బల్ల దగ్గర ఎవరిదో రేషన్ కార్డుకి లామినేషన్ చేస్తున్న గంగరాజు పకపకా నవ్వాడు. సుభాషిణి భర్త. మనిషి నవ్వితే ఆ చిన్న గది సరిపోయేది కాదు. నవ్వు ఆపి, వేడి వేడి కార్డు మూలలు కత్తిరిస్తూ అడిగాడు.

"పాప వ్యాను ఎక్కిందా? డబ్బాలో చెంచా పెట్టేవా?"

"ఎక్కింది. పెట్టేను."

అప్పుడు టైము తొమ్మిదిన్నర. పదింపావుకి గంగరాజు ఇంకో కార్డు కత్తిరిస్తూ తలెత్తాడు. "పాప వ్యాను ఎక్కిందా? డబ్బాలో చెంచా పెట్టేవా?" అన్నాడు. సుభాషిణి ఫారం నింపే హడావిడిలో "ఆఁ" అంది. పదకొండు కాకుండానే మూడోసారి అడిగాడు. అదే గొంతు. చెంచా అనే మాట దగ్గర అదే ఒత్తు. సుభాషిణి చేతిలో మౌసు ఆగిపోయింది.

అయిదేళ్ళ కిందట గంగరాజు కరెంటు లైన్‌మన్. ఏ వీధిలో ఏ స్తంభం మీద ఫ్యూజు పోయిందో ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకుని సైకిలెక్కేవాడు. తుఫాను వెలిసిన మర్నాడు తడిసిన నిచ్చెన జారింది. కల్వర్టు గట్టుకి తల తగిలింది. ప్రాణం నిలబడింది గానీ, ఆ రోజు తర్వాతిది ఏదీ అతని తలలో నిలవడం మానేసింది. తిన్న చెయ్యి కడుక్కునే లోపు తిన్న సంగతి పోయేది. అంతకుముందుదంతా భద్రంగా ఉండేది, పెళ్ళితో సహా. అప్పటికి సుభాషిణికి అయిదో నెల. మూడు నెలల తర్వాత విశాఖపట్నంలో డాక్టర్లు అతని కుడి చెవి వెనక చర్మం కింద చిక్కుడు గింజంత యంత్రం ఒకటి పెట్టారు. దాని పేరు జ్ఞాపిక. దెబ్బతిన్న చోటు చెయ్యాల్సిన పని అది చేస్తుంది. చూసింది, విన్నది తనలో దాచి, కావలసినప్పుడు తీసి మనిషికి అందిస్తుంది. అది పెట్టిన నెలకి తన్మయి పుట్టింది.

అంటే ఏమిటంటే, కూతురు గురించి గంగరాజుకి తెలిసినదంతా ఆ గింజలోనే ఉంది. మొదటి ఏడుపు, మొదటి పన్ను, బల్ల కింద దూరి అట్టముక్కలు నమలడం, "నాన్నా" అనడం, అన్నీ. అతని సొంత మెదడులో ఆ పిల్ల తాలూకు గోరంత ముక్క లేదు.

సుభాషిణి ఫోనులో జ్ఞాపిక యాప్ తెరిచింది. ఎప్పుడూ పచ్చగా వెలిగే చుక్క ఎర్రగా ఉంది. కొత్త జ్ఞాపకం దాచలేకపోతోందని రాసుంది. యాప్ మూసి తెరిచింది. ఫోను ఆపి వేసింది. సెంటరు వైఫై తీసేసి సెల్లు నెట్టు పెట్టింది. చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి, రోజూ ఊరందరికీ చేసే పనే కదా. ఎర్ర చుక్క ఎర్రగానే ఉంది. హెల్ప్‌లైనుకి ఫోను చేస్తే "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంటూ ఒక వేణువు ఇరవై నిమిషాలు ఊదింది. ఆ ఇరవై నిమిషాల్లో గంగరాజు మరోసారి చెంచా గురించి అడిగాడు.

చివరికి విహారి అనే కుర్రాడు దొరికాడు. హైదరాబాదు గొంతు, మెత్తగా మాట్లాడాడు.

"మేడమ్, ఆయన ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్తున్నారా?"

"అవునండి. పొద్దున్న తొమ్మిదిన్నరకి అడిగిన మాటే అడుగుతున్నారు."

"మధ్య గ్యాప్ తగ్గుతోందా?"

సుభాషిణి గోడ గడియారం చూసింది. "మొదట ముప్పావుగంట ఉందండి. ఇప్పుడు అరగంట కూడా లేదు."

అవతల కీబోర్డు చప్పుడు. "లోపల రాసుకునే చోటు పాడైంది మేడమ్. ఆఖరుగా రాసిన చోటికి వెళ్ళి అక్కణ్ణించి మొదలవుతోంది. ఈ గ్యాప్ మూడు నిమిషాలకి దిగితే ఫిట్స్ వస్తాయి. వస్తే ఆగవు. ఆ లోపు రీస్టార్ట్ చెయ్యాలి."

"చేసేద్దామండి," అంది సుభాషిణి ఠక్కున. ఆవిడ మందే ఆవిడకి చెప్తున్నాడు.

"మేడమ్, ఇది మామూలు రీస్టార్ట్ కాదు. లోపలున్నదంతా చెరిగిపోతుంది. కంగారు పడకండి, తర్వాత కాపీ ఎక్కించుకోవచ్చు. ఇవి సొంత విషయాలు కాబట్టి మా దగ్గర ఉంచం. ప్రతి ఆదివారం మీరు నమోదు చేసిన కంప్యూటరుకి ఒక కాపీ వస్తుంది. మీది... మావుళ్ళమ్మ, సిస్టమ్ త్రీ."

సుభాషిణికి ప్రాణం లేచొచ్చింది. నిజమే! అప్పట్లో ఇంట్లో కంప్యూటరు లేదని సెంటర్లో మూడో నంబరుకి కలిపింది. మూడో నంబరు మీద కూర్చుని ఉద్యోగ దరఖాస్తు నింపుకుంటున్న అమ్మాయిని బతిమాలి లేపేసింది. డి డ్రైవు తెరిచింది. హాల్ టికెట్లున్నాయి, పట్టాదారు కాగితాలున్నాయి, ఎవరివో పాస్‌పోర్టు ఫోటోలున్నాయి. తనకి కావలసింది లేదు.

"అక్షరాలూ అంకెలూ కలిపి పొడుగ్గా ఉంటుంది మేడమ్, ఫోల్డరు పేరు. చాలా పెద్ద సైజు."

అప్పుడు గుర్తొచ్చింది.

ఏటా ఆయుధ పూజకి సెంటరు మూసి, భార్యాభర్తలిద్దరూ సిస్టమ్‌లు శుభ్రం చేస్తారు. అతను బ్లోయరు పెట్టి దుమ్ము కొడతాడు, తడిగుడ్డతో తుడుస్తాడు, ఒక్కో మానిటరుకి మూడేసి కుంకుమ బొట్లు పెడతాడు. పైన దుమ్ము పోతే సరిపోదని సుభాషిణి లెక్క. జనం ఏడాదంతా వదిలేసి పోయిన ఫైళ్ళన్నీ ఆవిడ ఆ రోజే తీసి పారేస్తుంది. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి మరీ కొబ్బరికాయ కొడుతుంది. పోయిన దసరాకి మూడో నంబరులో పొడుగాటి పేరుతో ఒక పేద్ద ఫోల్డరు కనబడింది, అంతకుముందు ఏటా గుర్తుపెట్టుకుని వదిలేసిందే. ఈసారి గుర్తురాక, ఎవరో పెళ్ళి వీడియో మర్చిపోయారనుకుంది. గంగరాజు అదే మానిటరుకి బొట్టు పెడుతున్నాడు. ఆవిడ డిలీట్ నొక్కింది. అతని వేలు, ఆవిడ వేలు ఒకేసారి పైకి లేచాయి.

"మరి ఆ తర్వాత కాపీలు రాలేదాండీ? ప్రతి వారం వత్తాయన్నారు కదా?"

"ఫోల్డరు తీసేస్తే ఆగిపోతాయి మేడమ్. కానీ ప్రతి ఆదివారం మీ ఫోనుకి మెసేజ్ వచ్చి ఉండాలి. కాపీ ఫోల్డరు కనబడటం లేదు, దయచేసి చూపించండి అని."

వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు, చీరల డిస్కౌంట్లూ వాతావరణ సూచనలూ వచ్చేటప్పుడు వాటి మధ్యలో వచ్చింది. పద్దెనిమిది ఆదివారాలు వచ్చింది. పద్దెనిమిదిసార్లూ మూలనున్న ఇంటూ గుర్తు నొక్కింది సుభాషిణి.

బెంచీ మీద కూర్చునే ఉన్న నాగరత్నమ్మ గారు ఆవిడ ముఖం చూసి భయపడింది. "ఏమ్మా, సర్వరు డౌనా?"

"కాదండి," అంది సుభాషిణి. "తప్పు నాదేనండి."

చెరిపిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేరు ఆవిడ దగ్గరుంది. ఓ ఫోటోగ్రాఫరు తాలూకు నిశ్చితార్థం మొత్తం దాంతోనే వెనక్కి తెచ్చి శభాష్ అనిపించుకుంది కూడా. దాన్ని మూడో నంబరులో వదిలింది. చెరిపిన చోట కొత్తవి రాయకుండా ఉంటేనే పాతవి దొరుకుతాయి. సెంటర్లో అందరూ కూర్చునేది మూడో నంబరు మీదే, ఫ్యాను కింద ఉంటుందని. అయినా వెతకమంది. గంటకి పైగా పడుతుందని చూపించింది తెర. షట్టరు సగం దించి, ఉన్నవాళ్ళందర్నీ పంపేసింది. నాగరత్నమ్మ గారు మాత్రం కదల్లేదు.

"మా ఆయన పోయినప్పుడు నేనొక్కద్దాన్నే ఉన్నాను. నువ్వలా ఉండకూడదు," అని కాళ్ళు బెంచీ మీదకి ముడుచుకుంది.

సుభాషిణి వెళ్ళి గంగరాజు పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. గింజ పాడైందని, రీస్టార్ట్ చెయ్యాలని, కాపీ దొరక్కపోవచ్చని. ఎవరి వల్ల దొరకదో ఒక్కటే చెప్పలేదు. గంగరాజు మొదట నవ్వబోయాడు. తర్వాత అర్థమైంది.

"అయితే పాప?"

ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"అదెవరో నాకు తెలీకుండా పోతాదా?" అన్నాడు. కత్తెర కింద పెట్టి, పెద్ద పెద్ద అరచేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. స్తంభం మీంచి పడ్డప్పుడు కూడా ఏడవని మనిషి. సుభాషిణి అతని వీపు నిమురుతూ కూర్చుంది. అతని ఏడుపు మధ్యలో ఆగింది. చెయ్యి తీసి, తడి బుగ్గలు ఎందుకు తడిగా ఉన్నాయో తెలియక తుడుచుకుని, కత్తెర అందుకున్నాడు.

"పాప వ్యాను ఎక్కిందా? డబ్బాలో చెంచా పెట్టేవా?"

మళ్ళీ చెప్పింది. చెప్పకుండా ఎలా ఉంటుంది? అతని తల, అతని కూతురు. అతను మళ్ళీ నవ్వబోయాడు, మళ్ళీ "అయితే పాప?" అన్నాడు, అదే మాట దగ్గర ముఖం దాచుకున్నాడు. నిమిషాలు కూడా తేడా లేవు. చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. మూడోసారి అతను చెంచా అడిగినప్పుడు నవ్వు ముఖం పెట్టుకుని "పెట్టేనండి, స్టీలుది పెట్టేను" అంది.

"మంచి పని చేసేవ్. లేపోతే చేత్తో తిని గౌనుకి పూసుకుంటాది."

అంతే. అతను హాయిగా కార్డులు కత్తిరించుకున్నాడు. ఆ కాసేపూ ఆవిడ అతన్ని కళ్ళారా చూసుకుంది. పిల్లకి చెంచా కావాలని తెలిసిన తండ్రిని ఇంక ఎన్ని నిమిషాలు చూస్తుందో తెలియదు.

ఒంటిగంట దాటాక మూడో నంబరు పని ముగించింది. పరుగెత్తి చూసింది. దొరికిన వాటి జాబితాలో కిందనుంచి నాలుగోది, ఆ పొడుగాటి పేరు! సుభాషిణి నోట్లోంచి చిన్న కేక వచ్చింది. పక్క గడిలోకి చూసింది. సైజు సున్నా. పేరు మిగిలింది, లోపల ఏమీ లేదు. ఆ ఒక్క ఫోల్డరు వరకే ఇంకోసారి వెతికించింది. ఇంకో సాఫ్ట్‌వేరు పెట్టి వెతికించింది. సున్నా. కుర్చీలో కూలబడి, కుంకుమ మరక ఇంకా లీలగా కనబడుతున్న ఆ మానిటరుని చూస్తూ ఉండిపోయింది.

విహారి ఫోను వదల్లేదు. "గ్యాప్ ఎంతుంది మేడమ్?"

"పదకొండు నిమిషాలండి."

"ఇంక ఆలోచించకండి. ఆయన ఫోనుకి లింకు పంపాను. అన్నీ ఆయనే చెయ్యాలి, మీరు చెయ్యకూడదు. రూలు అది. ఆఖర్న ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం ఆయన గొంతుతో చదవాలి. తెలిసి చదవాలి."

అంటే మళ్ళీ చెప్పాలి. చెంచా ప్రశ్న అయిన వెంటనే సుభాషిణి స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. ఈసారి మొత్తం చెప్పింది. ఆయుధ పూజ, పొడుగాటి పేరు, పద్దెనిమిది ఆదివారాలు, అన్నీ.

"నేనే చెరిపేసేనండి. నా చేత్తో నేనే. ఊరందరికీ చదవండి చదవండి అని చెప్పి నేను చదవలేదు. పాపని మీకు లేకుండా చేసేను."

ఆవిడ తల ఎత్తలేదు. గంగరాజు వంగి ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నిచ్చెన తుడుచుకుని ఎక్కమని నువ్వు ఆ రోజు చెప్పేవు. నేను వినలేదు. ఎప్పుడన్నా అన్నావా ఒక్క మాట?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఒకటే. ఏడవకు. విను, టైము లేదన్నావు కదా." ఆవిడ చేతులు వదలకుండానే చెప్పాడు. "లేచేక నేను కంగారు పడతాను. పాపని తెచ్చి, ఇదిగో నీ కూతురు, ముద్దు పెట్టుకో అని మీద పడెయ్యకు. నేనూ బెదురుతాను, అదీ బెదురుద్ది. నా ఎదురుగా కూచోబెట్టి నువ్వు తప్పుకో. అదే చూసుకుంటాది. దానికి నీ నోరే వచ్చింది."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. అంత సులువుగా క్షమించేస్తాడని అనుకోలేదు. గుండెలోంచి ఏదో దిగిపోయింది. నాగరత్నమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

లింకు తెరిచారు. ముఖం చూపించి కళ్ళార్పమంది, ఆర్పాడు. ఓటీపీ వచ్చింది, కొట్టాడు. వాక్యం చదివాడు. 'నా జ్ఞాపకాలు పోతాయని తెలిసి ఒప్పుకుంటున్నాను.' తడబడకుండా చదివాడు. ఆఖర్న ఒక చిన్న గడి వచ్చింది. నేను యంత్రాన్ని కాదు అని టిక్కు పెట్టమంది. పెట్టాడు. నమ్మలేదు. తొమ్మిది బొమ్మలు చూపించి, కరెంటు స్తంభాలున్నవన్నీ ఎంచమంది.

గంగరాజు కళ్ళజోడు సర్దుకున్నాడు. మూడు ఎంచాడు.

"ఇదీ స్తంభమేనండి, పక్కది," అంది సుభాషిణి.

"ఇది కరెంటుది కాదే. టెలిఫోనుది. చూడు, పింగాణీ ఇన్సులేటర్లేవి?"

నొక్కాడు. తప్పంది. ఇంకో తొమ్మిది బొమ్మలు.

"ఇది వీధి దీపంది. లైను లేదు దీనికి."

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, అన్నీ నొక్కెయ్యండి!"

"కాని దాన్ని అవునని ఎలా నొక్కుతానే? పన్నెండేళ్ళు ఎక్కేను వాటిని."

మళ్ళీ తప్పంది. నాలుగోసారికి తెర తెల్లబడింది. 'సమయం మించిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ప్రారంభించండి.' సుభాషిణి గడియారం వైపు తిరిగే లోపు గంగరాజు చేతిలోని ఫోను బల్ల మీద పెట్టి, కత్తెర కోసం చూశాడు.

"పాప వ్యాను ఎక్కిందా? డబ్బాలో చెంచా పెట్టేవా?"

ఆవిడ ఫోనులో అరిచింది. "విహారి గారూ, ఎంతుందండీ? ఎంత టైముందండీ?"

"ఆరు నిమిషాలు ఉండచ్చు మేడమ్. ఇదే ఆఖరిది అనుకోండి."

ఆరు నిమిషాల్లో ఆయుధ పూజ పట్టదు. క్షమాపణ పట్టదు. సుభాషిణి అతని ముఖం రెండు చేతులతో పట్టుకుని గబగబా చెప్పేసింది. "గింజ పాడైందండి. చెరిపెయ్యకపోతే మీరుండరు. చెరిపేత్తే పాప మీకు గుర్తుండదు. ఒప్పుకోండి. నాకోసం ఒప్పుకోండి."

"పాప?" అన్నాడు. "అయితే పాప..."

"దానికి నాన్న కావాలండి. మీకు తెలిసినా తెలీకపోయినా దానికి మీరు కావాలి."

అతను కళ్ళు మూసి తెరిచాడు. తల ఊపాడు. ముఖం, ఓటీపీ, వాక్యం. వాక్యం మధ్యలో ఆగిపోతే నీళ్ళు తాగించి చదివించింది. బొమ్మలొచ్చాయి. ఈసారి అతని చూపుడువేలు తన పిడికిట్లో పట్టుకుని, నిటారుగా నిలబడ్డ ప్రతిదాని మీదా నొక్కించేసింది. "అది టెలిఫోను..." అంటూనే ఉన్నాడు. పచ్చ టిక్కు పడింది.

గంగరాజు ఆవిడ వైపు ఏదో చెప్పబోతున్నట్టు తిరిగి, అలాగే మెల్లగా పక్కకి ఒరిగాడు. నాగరత్నమ్మ గారు, సుభాషిణి కలిసి బెంచీ మీద పడుకోబెట్టారు. గంటన్నర నిద్రపోతారని, ఫిట్స్ గండం గడిచిందని విహారి చెప్పాడు. "సారీ మేడమ్," అని ఫోను పెట్టేశాడు.

ఆ గంటన్నర సుభాషిణికి ఒకటే బాధ. క్షమించిన మనిషి ఆ పదకొండు నిమిషాల్లోనే ఉండిపోయాడు. తను క్షమించినట్టు ఇప్పుడు అతనికే తెలియదు. లేచే మనిషికి మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. నిచ్చెన సంగతి అతనికి అప్పుడు తోస్తుందో తోచదో. ఇంతకుముందు క్షమించారు కదా అని అడగడానికి లేదు.

మూడున్నరకి వ్యాను హారను కొట్టింది. తన్మయి బ్యాగు ఈడ్చుకుంటూ సగం దించిన షట్టరు కింద నుంచి దూరి వచ్చింది. యూకేజీ. గౌను మీద పప్పు మరక లేదు, చెంచాతోనే తిన్నట్టుంది. "నాన్న పడుకున్నాడేంటి?" అంది. సుభాషిణి మోకాళ్ళ మీద కూర్చుని, నాన్నకి కొన్ని గుర్తుండవని, నువ్వెవరో కూడా గుర్తుండదని చెప్పింది. పిల్ల బ్యాగు వదిలేసింది.

"నేను కూడానా?"

"నువ్వు కూడా తల్లీ."

పిల్ల ఏడవలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది సుభాషిణికి. ఈలోగా బెంచీ కిర్రుమంది. గంగరాజు కళ్ళు తెరిచి పైనున్న ఫ్యాను చూశాడు.

"కరెంటు వచ్చేసిందా? లైను కలిపేసేరా?" అన్నాడు. తుఫాను నాటి గొంతు. లేచి కూర్చుని, గదిని, ముసలావిడని తేరిపార చూసి, భార్య కనబడగానే తేలికపడ్డాడు. అతని చూపు ఆవిడ ముఖం మీంచి కిందికి దిగింది. అక్కడ ఆగిపోయింది.

"సుభా... కడుపేదే?"

ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే కడుపు మీదకి వెళ్ళింది.

"ఏమైంది? బిడ్డకేమైంది? నాకెందుకు చెప్పలేదు?" బెంచీ పట్టుకుని లేవబోయి తూలాడు. సుభాషిణి పట్టుకోబోయింది. తప్పుకో అన్న అతని మాట గుర్తొచ్చి, చేతులు వెనక్కి తీసుకుని గోడకి ఆనుకుంది. తప్పుకోవడం అంత కష్టమని ఆవిడకి అంతవరకు తెలియదు.

కస్టమర్ల స్టూలు నేల మీద గీసుకున్న చప్పుడు. తన్మయి దాన్ని రెండు చేతులతో లాక్కొచ్చి, అతని ఎదురుగా వేసుకుని, ఎక్కి కూర్చుంది. గౌను సర్దుకుంది. రోజూ సాయంత్రం కౌంటరు పక్కన కూర్చుని వినే గొంతుని అచ్చు గుద్దినట్టు తీసింది.

"కంగారు పడకండి. ఏం పరవాలేదండి. మొదట్నించీ చేద్దాం. మీ పేరు చెప్పండి."

గంగరాజు బిత్తరపోయాడు. "గంగరాజు."

"ఇంటి పేరుతో చెప్పాలండి."

"చిట్టూరి గంగరాజు."

"భార్య పేరు?"

"సుభాషిణి." అతను గోడ దగ్గరున్న ఆవిడ వైపు చూసి, మళ్ళీ పిల్ల వైపు తిరిగాడు. ఊపిరి కొంచెం నెమ్మదించింది.

"పిల్లలెంతమందండీ?"

అతను తల అడ్డంగా ఊపాడు, తెలియదన్నట్టు.

"ఒకరు," అంది తన్మయి. "పేరు తన్మయి. యూకేజీ. ఆ పాప నేనేనండి. రాసుకోండి, మళ్ళీ మర్చిపోతారు."

గంగరాజు ఆ పిల్ల ముఖం, నుదురు, సుభాషిణిలాగే కొంచెం ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం చూశాడు. చూసి, భార్య కడుపు వైపు ఇంకోసారి చూశాడు. కౌంటరుకి దారంతో కట్టి ఉన్న పెన్ను అందుకుని, అలవాటు ప్రకారం ఎడమ అరచెయ్యి తెరిచాడు. పెన్ను మొన ఆనించి ఆగాడు. దాన్ని పిల్ల చేతిలో పెట్టి, అరచెయ్యి చాపాడు.

"నువ్వే రాయి తల్లీ."

తన్మయి నాలుక బయటపెట్టి వంకర టింకరగా రాయడం మొదలుపెట్టింది. సుభాషిణి చేతిలో ఫోను మోగింది. ఎర్ర చుక్క పోయి పచ్చ చుక్క వచ్చింది, దాని కింద ఒక సందేశం. 'మొదటి జ్ఞాపకం భద్రపరిచాము. కాపీ ఎక్కడ దాచాలో చూపించండి.' ఆవిడ కళ్ళు తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాకా దాన్ని రెండుసార్లు చదివింది.